కమాండర్ గారి నైట్ డ్యూటీ

ఎల్బీనగర్ దాటి సాగర్ రోడ్డు పట్టుకుంటే బొంగ్లూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు తగులుతుంది. అక్కణ్నుంచి ఇబ్రహీంపట్నం దాకా ఎటు చూసినా ఇంజనీరింగ్ కాలేజీల బోర్డులే. మంగళ్‌పల్లి, శేరిగూడ, ఖానాపూర్. కాలేజీ ఉన్నచోట హాస్టలు, హాస్టలున్నచోట జిరాక్సు కొట్టు, కొట్టు పక్కన చాయ్ బండి, ఆ బండి దగ్గర పొద్దున పదకొండింటికి నోట్లో బ్రష్షుతో కమాండర్. ఈ వరుస ఎక్కడా తప్పదు.

కమాండర్ అనేది పేరు కాదు, హోదా. ప్రతి హాస్టల్లోనూ ఒకరుంటారు. అసలు పేరు హాల్‌టికెట్ మీద ఉంటుంది. పరీక్షలప్పుడు తప్ప ఆ పేరుతో ఆయనకు పని పడదు. కాకపోతే ఆ పరీక్షలు ఆయనకు అందరికంటే నాలుగు ఎక్కువే ఉంటాయి. జేఎన్‌టీయూ వాళ్లు ఆర్ 16 పోయి ఆర్ 18, అది పోయి ఆర్ 22 అంటూ రెగ్యులేషన్లు మార్చుకుంటూ పోతుంటే, ఆయన మాత్రం మ్యాథ్స్ టూ దగ్గర పాత జెండా పట్టుకుని నిలబడ్డాడు. వెనక్కి తగ్గడు, ముందుకూ పోడు. అటెండెన్సు అరవై అయిదు శాతానికీ డెబ్బై అయిదుకీ మధ్య ఊగుతుంటుంది. కండోనేషన్ ఫీజు కట్టే రోజున హాస్టలంతా ఆయన వెంట నడుస్తుంది, ఎందుకంటే ఆ ఫీజులో సగం అందరి దగ్గరా చేసిన అప్పే.

పగలు ఇలా కనబడే మనిషి రాత్రి పదిన్నర దాటితే మారిపోతాడు. తలుపు గడియ పడుతుంది. ఫ్యాను మూడు నుంచి అయిదుకు వెళుతుంది. సెకండ్ హ్యాండు కంప్యూటరు డబ్బా రొద మొదలుపెడుతుంది. చెవులకు హెడ్‌ఫోను, పక్కన మిర్చీ బజ్జీల పొట్లం. గది బయట ఇబ్రహీంపట్నం నిద్రపోతుంటే, లోపల 1943వ సంవత్సరం జర్మనీ మేలుకుంటుంది.

ఆయన ఆడే ఆటలు చాలా ఉన్నా, ఇష్టదైవం ఒకటే: 'రిటర్న్ టు కాజిల్ వుల్ఫెన్‌స్టైన్'. 2001లో వచ్చింది. అంటే ఈ కమాండర్ ఉయ్యాలలో ఉన్నప్పటి ఆట. మొదటి తరం కమాండర్లు దాన్ని కోఠీలో సీడీగా కొనుక్కుని నెట్ కేఫ్‌లో గంటకింత లెక్కన ఆడారు. వాళ్లు పాసయ్యి, కొందరు పాసవకుండానే, అమెరికా వెళ్లిపోయారు. హార్డ్ డిస్కు మాత్రం సీనియర్ నుంచి జూనియర్‌కు పెళ్లి నగల మాదిరి చేతులు మారుతూ ఈయన దాకా వచ్చింది.

కొత్తగా చేరిన ఫస్టియరు కుర్రాడు గదిలోకి వచ్చి "ఇదేం గేమన్నా?" అన్నాడంటే అయిపోయినట్టే. కమాండర్ ఆట ఆపి, కుర్చీ వెనక్కి తిప్పి, హరికథ మొదలుపెడతాడు.

"ఇది వట్టి కాల్పుల ఆట అనుకుంటున్నవా తమ్మీ? చరిత్ర ఉంది దీని వెనక. హిమ్లర్ తెలుసా? హిట్లర్ కింద ఎస్‌ఎస్‌కు పెద్ద. వాడికి మంత్రాలూ, పాత రాజులూ అంటే పిచ్చి. వెయ్యేళ్ల కింద చచ్చిన హైన్‌రిక్ అనే రాజును లేపి మన మీదికి తోలుదామని ప్లాను."

కుర్రాడు ఇదంతా కల్పన అనుకుంటాడు. కానీ న్యాయంగా చెప్పాలంటే, ఇక్కడ కమాండర్ తప్పు చెప్పడు. శవం లేవడం ఒక్కటే కల్పన. పిచ్చి మాత్రం నిజం. హైన్‌రిక్ పదో శతాబ్దపు సాక్సన్ రాజు, 936లో పోయాడు. సరిగ్గా వెయ్యేళ్లకు, 1936 జులై 2న, క్వెడ్లిన్‌బుర్గ్ చర్చిలో ఆయన సమాధి దగ్గర హిమ్లర్ పెద్ద తద్దినమే పెట్టాడు. ఆ ముందు ఏడు, ఆర్యుల పూర్వీకుల ఆనవాళ్లు వెతకడానికి 'ఆనెనెర్బే' అని ఓ సంస్థనే పెట్టించాడు. హిమ్లర్ అండతో ఓ బృందం 1938లో టిబెట్ దాకా వెళ్లింది. ఆట తయారుచేసిన వాళ్లు పెద్దగా కష్టపడలేదు. హిమ్లర్ సగం కథ రాసిపెట్టి పోతే, మిగతా సగానికి తుపాకులు చేర్చారు.

ఈ వంశవృక్షమంతా ఆయనకు నోటికొచ్చు. 1981లో యాపిల్ టూ కంప్యూటర్ మీద సైలస్ వార్నర్ రాసిన మొదటి 'కాజిల్ వుల్ఫెన్‌స్టైన్' దగ్గర మొదలుపెడతాడు. 1992లో ఐడీ సాఫ్ట్‌వేర్ వాళ్ల 'వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ', అందులో ఇనుప కవచం తొడుక్కుని వచ్చే హిట్లరు, అన్నీ తేదీలతో సహా అప్పజెబుతాడు. అదే మనిషిని వైవాలో ఎక్స్‌టర్నల్ సారు "నీ ప్రాజెక్టు పేరు చెప్పు బాబూ" అంటే పక్కవాడి వైపు చూస్తాడు. జ్ఞాపకశక్తి లేక కాదు. ఆ ప్రాజెక్టు దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్నది. కొన్న సరుకు పేరు ఎవరు గుర్తుపెట్టుకుంటారు?

ఆట నుంచి ఆయన నేర్చుకున్న జీవితసత్యాలు మూడు.

మొదటిది, తిండి. 'వుల్ఫెన్‌స్టైన్ త్రీడీ'లో హీరో బ్లాజ్‌కొవిచ్‌కు దెబ్బలు తగిలి ప్రాణం మీదికొస్తే, దారిలో కుక్కకు పెట్టిన అన్నం తిన్నా నాలుగు పాయింట్ల బలం వస్తుంది. హాస్టల్ ఉప్మా మీద తిరుగుబాటు లేచినప్పుడల్లా కమాండర్ ఈ విషయం ఎత్తి జనాన్ని చల్లబరుస్తాడు. "బ్లాజ్‌కొవిచ్ అంతటోడు కుక్క కూడు తిని కోట గెలిచిండు. మనకు ఉప్మా ఎక్కువైందా?" అంటాడు. ఈ సేవకు గాను హాస్టల్ ఆంటీ ఆయనకు ఒక గరిటె ఉప్మా అదనంగా వడ్డిస్తుంది. అది శిక్షో బహుమానమో ఇప్పటికీ తేలలేదు.

రెండోది, యుద్ధనీతి. ఆటలో ఓ ఊరి చర్చి కింద నేలమాళిగ ఉంటుంది. అందులో నాజీలు తవ్వకూడనిది తవ్వి శవాల్ని లేపి కూర్చుంటారు. హీరో వెళ్లేసరికి నాజీలూ శవాలూ ఒకరినొకరు చంపుకుంటుంటారు. తెలివైనవాడు అక్కడ కాల్చడు, గోడకు ఆనుకుని ఊరుకుంటాడు. మిగిలినవాళ్ల సంగతే చూసుకుంటాడు. అద్దె గురించి అంకులూ, నీళ్ల మోటారు గురించి ఆంటీ ఒకరి మీద ఒకరు అరుచుకుంటున్నప్పుడు కమాండర్ గోడవారగా గేటు దాటిపోవడం మేమంతా చూశాం. రెండు నెలల అద్దె బాకీ అలాగే గడిచిపోయింది.

మూడోది, సేవ్ చేసుకోవడం. ఏ తలుపు తెరవాలన్నా ముందు ఆట సేవ్ చేస్తాడు. తలుపు వెనక మెషిన్‌గన్ ఉంటే చస్తాడు, మళ్లీ తలుపు ముందే పుడతాడు. నాలుగుసార్లు చచ్చాక లోపల ఎవరు ఏ మూల నిలబడ్డారో తెలిసిపోతుంది, అయిదోసారి వీరుడైపోతాడు. మ్యాథ్స్ టూ పరీక్షనూ ఈ పద్ధతిలోనే రాస్తున్నాడు. మొదటి నాలుగుసార్లు ప్రశ్నలు ఎక్కడ దాక్కున్నాయో చూసుకునేందుకట.

మార్పు కోసం అప్పుడప్పుడూ 2008 నాటి 'కాల్ ఆఫ్ డ్యూటీ: వరల్డ్ ఎట్ వార్' పెడతాడు. మామూలు యుద్ధమంతా ముగిశాక అందులో ఓ పాడుబడ్డ బంగళా వస్తుంది. కిటికీలకు చెక్కలు కొట్టి ఉంటాయి. బయటి నుంచి నాజీ శవాలు చెక్కలు పీకుతుంటాయి, లోపలి నుంచి మనం మళ్లీ బిగిస్తుండాలి. చెక్కకు పది పాయింట్లు. ఆ పాయింట్లతో గోడ మీది తుపాకులు కొనాలి. తెల్లవారుజామున మూడింటికి కమాండర్ చెక్క వెనక చెక్క బిగిస్తుంటే చూడాలి, ఏ వడ్రంగీ అంత శ్రద్ధగా పనిచేసి ఉండడు. ఆయన గది కిటికీకి దోమల జాలీ చిరిగి ఏడాది దాటింది. దానికి పాయింట్లు రావు.

ఇక్కడ ఆయన శరీరబలం గురించి ఒక మాట. ఆటలో ఆయన ఒంటి మీద ఏకకాలంలో కత్తి, పిస్తోలు, ఎంపీ 40, స్టెన్ గన్, మౌజర్ రైఫిలు, పాంజర్‌ఫౌస్ట్, మంటలు చిమ్మే గొట్టం, కరెంటు వదిలే టెస్లా గన్ ఉంటాయి. వీటన్నిటితో మెట్లెక్కుతాడు, పరుగెడతాడు, తలుపులు తన్నుతాడు. దేవరకొండ నుంచి వాళ్లమ్మ బస్సులో వేసి పంపిన ఇరవై అయిదు కిలోల బియ్యం బస్తాను మాత్రం బస్టాండు నుంచి హాస్టలుకు ఆటోలో తెస్తాడు. ఆటో నుంచి గదికి ఇద్దరు జూనియర్లు మోస్తారు. కమాండర్ ముందు నడుస్తూ దారి చూపిస్తాడు.

విధి వైచిత్రి ఏమిటంటే, ఈ ఊరు కమాండర్‌కు చాలా ఇబ్బందికరమైన ఊరు. ముంబైలో 2008 నవంబరు 26 దాడులయ్యాక దేశంలో నాలుగు నగరాలకు ఎన్‌ఎస్‌జీ కమాండోల కేంద్రాలు ఇచ్చారు. అందులో హైదరాబాదుది మా ఇబ్రహీంపట్నం వైపే ఉంది. కాబట్టి నల్ల దుస్తుల అసలు కమాండోలు ఉండే ఊళ్లోనే మన కమాండర్ కాపురం. ఓ సాయంత్రం చాయ్ బండి దగ్గర జూనియర్లకు గదిని ఎలా క్లియర్ చేయాలో చెబుతున్నాడు. గ్లాసుల్ని శత్రువులుగా, బిస్కట్ డబ్బాను తలుపుగా పెట్టి పాఠం నడుస్తోంది. పక్కన పొట్టి క్రాపుతో, నిటారుగా నిలబడి చాయ్ తాగుతున్న పెద్దమనిషి అంతా విన్నాడు. ఆయనెవరో మాకు తెలియదు. గ్లాసు కింద పెట్టి, హిందీలో ఒక్క ప్రశ్న అడిగాడు: "ఇంతమందిలో నీళ్లు ఎవరు మోస్తారు?"

కమాండర్‌కు జవాబు తోచలేదు. వుల్ఫెన్‌స్టైన్‌లో ఎవరికీ దాహం వెయ్యదు.

ఆయన్ని వట్టి దద్దమ్మ అనుకుంటే పొరపాటే. తెలియనిది చెబితే చెవులు రిక్కించి వింటాడు. ఒకసారి నేనే కదిపాను. నీ యుద్ధమంతా జర్మనీలోనే ఎందుకయ్యా, ఆ యుద్ధం మన గుమ్మం దాకా వచ్చింది తెలుసా అన్నాను. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖపట్నం మీదా కాకినాడ మీదా బాంబులు వేశాయని చెప్పాను. హైదరాబాద్ పేరే పెట్టుకున్న ఒక విమానదళం, 152 స్క్వాడ్రన్, 1940లో ఇంగ్లండు ఆకాశంలో స్పిట్‌ఫైర్లతో జర్మన్లను ఎదుర్కొన్నదనీ, దాని చిహ్నం నిజాం తలపాగా అనీ చెప్పాను. 'నిజాం' అనే పేరుతోనే ఓ ఆస్ట్రేలియా యుద్ధనౌక ఉండేదనీ, 1945 సెప్టెంబర్ 2న జపాన్ సంతకం పెట్టిన రోజు టోక్యో ఖాతంలో నిలిచిన ఓడల్లో అదొకటనీ అన్నాను.

కమాండర్ కళ్లు తడి అయ్యాయి. "ఇన్ని రోజులు ఎవ్వడు చెప్పలె అన్నా" అన్నాడు. ఆ రాత్రే ఆటలో తన పేరు మార్చుకున్నాడు: '152 హైదరాబాద్'. మర్నాటి నుంచి జర్మన్ సైనికుల్ని కాల్చిన ప్రతిసారీ "నిజాం సర్కార్ కీ" అని అరవడం మొదలుపెట్టాడు. పక్క గదిలో ఓ కుర్రాడి తాతగారు రజాకార్ల కాలంలో నిజాం మీద పోరాడినవాడట. అర్ధరాత్రి ఆ కుర్రాడు వచ్చి తలుపు కొట్టాడు. రెండో ప్రపంచయుద్ధం ఆగి, మా హాస్టల్ మూడో అంతస్తులో తెలంగాణ సాయుధ పోరాటం మొదలైంది. తెల్లారేదాకా నడిచిన చర్చల్లో కమాండర్ తన పేరు '152' వరకే ఉంచుకోవడానికి ఒప్పుకున్నాడు.

ఈ తరం ఫోను వీరులంటే ఆయనకు లోకువ. 2020 సెప్టెంబర్‌లో కేంద్రం పబ్జీని నిషేధించినప్పుడు హాస్టలంతా మైల పడినట్టు కూర్చుంటే, ఆయనొక్కడే చాయ్ ఇప్పించాడు. మరుసటేడు అదే ఆట బీజీఎంఐ అని కొత్త పేరుతో వచ్చింది. 2022లో మళ్లీ పోయింది, 2023లో మళ్లీ వచ్చింది. "చూడుండ్రి, చచ్చి లేచేది మా ఆటల శవాలే అనుకున్నరు. మీ ఆటే లేస్తున్నది" అన్నాడు. కమాండర్ నోటి నుంచి వచ్చిన మంచి మాటల్లో అదొకటి.

ఇంతటి మనిషికి భయాలు లేవా? రెండున్నాయి. ఒకటి ఫోన్లో 'అమ్మ' అని వెలగడం. హైన్‌రిక్ రాజు భూమి చీల్చుకుని లేచినా కదలని చేతి వేళ్లు అప్పుడు వణుకుతాయి. "తిన్నవా బిడ్డా, సదువుతున్నవా?" అనే ప్రశ్నలో మొదటి సగానికి నిజం, రెండో సగానికి దగ్గు సమాధానంగా వస్తాయి.

రెండోది దయ్యం. అవును, దయ్యమే. జర్మన్ శవాల్ని వేల సంఖ్యలో పూడ్చిన ఈ మహావీరుడు రాత్రి రెండింటికి కారిడార్ చివరి బాత్రూముకు ఒంటరిగా వెళ్లడు. రూమ్మేటును లేపి, బయట నిలబెట్టి, లోపలి నుంచి మాట్లాడుతూనే ఉంటాడు. ఆయన చిన్నప్పుడు వాళ్ల ఊళ్లో తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేదట. ఆ గీతలు వెలిసిపోయినా ఆయన మనసులో వెలవలేదు. చీకటి పడ్డాక చెరువు కట్ట వైపు రమ్మంటే రాడు. కట్ట మీద మైసమ్మ ఉంటుంది, అమ్మవారికి మనమెందుకు అడ్డం అంటాడు. మూడు బాటల దగ్గర కుంకుమ అద్దిన నిమ్మకాయ కనబడితే బండి దిగి, నెట్టుకుంటూ, పొలం గట్టు మీదుగా చుట్టు తిరిగి వస్తాడు.

ఇదేం ధైర్యమయ్యా అని ఒకసారి నిలదీశాం. ఆయన ఆలోచించి చెప్పిన జవాబును తీసిపారేయడానికి లేదు. "ఆ దయ్యాలు వేరే అన్నా. వాటికి నేనెవరో తెల్వది. కాలుస్తే పోతయ్. మన దయ్యాలకు మన ఇంటిపేరు తెలుసు. మా మేనత్త ఎవరో, ఏ బాకీ మిగిలిందో, అన్ని ఎరుకే. తుపాకితోని ఏం జేస్తం?"

మొన్నటి అమావాస్య నాడు ఈ సిద్ధాంతానికి పరీక్ష వచ్చింది. హాస్టల్ ఆంటీ మనవడు పొద్దున్నుంచీ ఒకటే ఏడుపు. పెళ్లిలో ఎవరి కన్నో తగిలిందని తేల్చి, ఆంటీ దిష్టి తీసింది. తీసిన నిమ్మకాయను మూడు బాటల కాడ వేసి రావాలి. అంకుల్ యాచారం వెళ్లాడు. ఆంటీ మెట్ల కింద నిలబడి పైకి కేకేసింది.

"కమాండరూ! ఓ కమాండరూ! జర కిందికి రా బిడ్డా."

"ఏందాంటీ?"

"గీ నిమ్మకాయ మూడు బాటల కాడ ఏసి రా. పోరలందరు చెప్తరు, నువ్వు రోజు దయ్యాలతోని కొట్లాడుతవంట గద."

ఇరవై మంది జూనియర్లు రెయిలింగుల మీంచి చూస్తున్నారు. వెనకడుగు వేయడానికి లేదు. కమాండర్ నిమ్మకాయ కేసి ఒకసారి, వీధి చీకటి కేసి ఒకసారి చూశాడు. తర్వాత ముగ్గుర్ని పిలిచి దళం కట్టాడు. ముందు ఒకడు, ఇరుపక్కలా చెరొకడు, నడుమ తాను. నాలుగు ఫోన్ల టార్చీలు. ఆంటీ నియమాలు చెప్పింది: "పోయెటప్పుడు మాట్లాడొద్దు. ఏసినంక ఎన్కకు మర్రి సూడొద్దు. వచ్చి కాళ్లు కడుక్కోని లోపటికి రావాలె."

రెండో నియమం దగ్గర కమాండర్ మొహం పాలిపోయింది. "ఎన్కకు చూడకుంటే ఎట్లాంటీ? ఏ గేమ్‌లయినా ఎన్కకు చూడనోడే ఫస్టు చస్తడు."

"ఇండ్ల సూసినోడు చస్తడు" అంది ఆంటీ. తిరుగులేదు.

దళం బయలుదేరింది. మూడు బాటల దాకా రెండొందల అడుగులు. గోడ వారగా, వంగి, మూలమూలకూ ఆగుతూ పది నిమిషాలు నడిచారు. ఎదురొచ్చిన పాల బండి అతను దొంగలనుకుని బండి తిప్పేశాడు. కూడలిలో కమాండర్ కళ్లు మూసుకుని నిమ్మకాయ విసిరాడు. అది వెళ్లి అక్కడ పడుకున్న కుక్క మీద పడింది. కుక్క ఒక్క మూలుగు మూలిగి లేచింది. చీకట్లో వెనక ఏదో లేచిన చప్పుడు, వెనక్కి చూడకూడదన్న నియమం, ఈ రెండూ కలిశాక ఏ సైన్యమైనా చేసేదే మా సైన్యమూ చేసింది. పోయేటప్పుడు పది నిమిషాలు పట్టిన దారి వచ్చేటప్పుడు అరనిమిషం కూడా పట్టలేదు. నియమం మాత్రం తప్పలేదు. నలుగురిలో ఒక్కడూ వెనక్కి చూడలేదు, పక్కకూ చూడలేదు.

కమాండర్ అందరికంటే ముందొచ్చాడు. గేటు దాటి, వరండా దాటి, మెట్లెక్కి, మొదటి అంతస్తు మలుపులో ఆగి, రొప్పుతూ రెండు చేతులూ పైకెత్తాడు. జూనియర్లు చప్పట్లు కొట్టారు. కింద నల్లా దగ్గర చెంబు పట్టుకుని నిలబడ్డ ఆంటీ నెత్తి కొట్టుకుంది.

"కాళ్లు కడగకుండనే లోపటికి ఉరికొస్తివి గదరా! పారేసిన దిష్టంత మళ్ల ఇంట్లకే తెస్తివి. ఇగ మళ్ల తియ్యాలె, మళ్ల పోవాలె." కొత్త నిమ్మకాయ కోసం వంటింట్లోకి నడిచింది.

కమాండర్ మెట్ల మీద కూలబడ్డాడు. కాసేపటికి తేరుకుని, రెయిలింగు మీంచి తొంగి చూస్తూ రాయబారం మొదలుపెట్టాడు.

"ఆంటీ, మూడు బాటల దాకా పోయిన గద. అది అయినట్టే లెక్క పెట్టుకో. అక్కడి సంది వాపసు వచ్చేదొక్కటి మళ్ల చేస్త. కాళ్లు కడుక్కుంట."

వంటింట్లో కత్తిపీట చప్పుడు ఆగింది.

"ఆడి సంది ఎట్ల చేస్తవ్ రా, నిమ్మకాయ ఈడ నా చేతుల ఉంటే?"